జర్మనీలో మా ఇంటి స్టూడియోకి స్పీకర్లు కొన్నాం | ఇక్కడ ఆదివారం సౌండ్ చేస్తే గొడవే!

అందరికీ నమస్తే అండీ. ఈ వీడియో మా పిన్ని కొడుకు కోసం. వాడు కాకినాడలో జానపదాలు రికార్డ్ చేసి యూట్యూబ్‌లో పెడుతుంటాడు. "అక్కా, మిక్సింగ్‌కి ఏ మానిటర్లు కొనాలో చెప్పవే" అని వాట్సాప్‌లో ప్రాణాలు తోడేస్తున్నాడు. మిక్సింగ్ అంటే రికార్డ్ చేసిన గొంతు, వాయిద్యాలు సరిగ్గా కలపడం. మానిటర్లంటే కంప్యూటర్ తెరలు కాదండోయ్, ఆ పనికి వాడే స్టూడియో స్పీకర్లు. ఎలాగూ నేనూ కొనాలి కాబట్టి కెమెరా పట్టుకుని బయల్దేరాను.

ఇది న్యూరెంబర్గ్ స్టేషన్. ఇవాళ శనివారం, రేపైతే షాపులన్నీ మూతే. మనం వెళ్లేది బాంబెర్గ్ దగ్గర ట్రెప్పెన్‌డోర్ఫ్ అనే పల్లెటూరికి. అక్కడే థోమన్ అనే పెద్ద మ్యూజిక్ షాపు ఉంది. 1954లో మొదలైందట. గిటార్ తీగ దగ్గర్నుంచి పియానో దాకా అన్నీ దొరుకుతాయి.

టికెట్ సంగతి చెప్పాలి. నెలకి 63 యూరోలు కడితే దేశం మొత్తంలో లోకల్ రైళ్లు, సిటీ బస్సులు అన్నీ ఎక్కొచ్చు. 2023 మేలో మొదలైనప్పుడు 49 ఉండేది. యూరోకి వంద రూపాయలే వేసుకున్నా 6,300 అన్నమాట! ఇంత కట్టాం కదా, రేటు గిట్టాలంటూ మా ఆయన నన్ను బాంబెర్గ్ ఊళ్లోకి లాక్కెళ్లాడు. నది మధ్యలో కట్టిన పాత టౌన్‌హాల్ ఇదిగో. ఈ పాత ఊరు 1993 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. అంతటితో ఆగాడా? ఇక్కడ రౌఖ్‌బీర్ అని పొగ వాసనొచ్చే బీరు దొరుకుతుంది, అది తాగాల్సిందేనన్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటే నిప్పుల మీద కాల్చిన వంకాయే! ఈలోపు మా బస్సు వెళ్లిపోయింది. షాపుకి చేరేసరికి మధ్యాహ్నమైంది.

సరే, విషయానికొద్దాం. ఒరేయ్ తమ్ముడూ, స్పీకర్ బ్రాండ్ తర్వాత, ముందు గది చూసుకోవాలి. మా గది పొడవు 3.4 మీటర్లు. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. ఈ లెక్కన ఎదురెదురు గోడల మధ్య 50 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 50 సార్లు ఊగే లోతైన బేస్ దగ్గర, సౌండ్ ఇరుక్కుని ఊగుతుంది. కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము ఉంటుంది కదా, ఆ కిక్ డ్రమ్ దమ్ము ఉండేది సరిగ్గా అక్కడే. ఇలాంటి గదిలో ఎనిమిది అంగుళాల కోన్ (స్పీకర్ ముందు ఊగే గుండ్రటి భాగం) ఉన్నవి పెడితే గదే పాట పాడుతుంది, మనకి అసలు పాట వినిపించదు. అందుకే ఐదు అంగుళాలవి మాత్రమే చూశాను.

రెండింటి మధ్య ఊగిసలాడాను. ఒకటి యమహా హెచ్ఎస్5, తెల్ల కోన్‌తో ఉంటుంది కదా, అది. 1978లో యమహా వాళ్లు ఎన్ఎస్10 అని ఇళ్లలో పాటలు వినడానికి ఒక స్పీకర్ తెచ్చారు. వినేవాళ్లకి పెద్దగా నచ్చలేదు, కానీ స్టూడియోల వాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. తెల్ల కోన్ ఫ్యాషన్ అక్కడ్నుంచే వచ్చింది. రెండోది ఆడమ్ టీ5వీ. అది 1999లో బెర్లిన్‌లో పుట్టిన కంపెనీ. కంపెనీల లెక్క ప్రకారం హెచ్ఎస్5 కింద 54 హెర్ట్జ్ దాకా దిగితే, టీ5వీ 45 దాకా దిగుతుంది. ఈ అంకె ఎంత తగ్గితే అంత లోతైన బేస్ వినిపిస్తుందన్నమాట.

నాదస్వరం, డోలు ఉన్న పాట ఒకటి పెట్టి రెండింట్లో మార్చి మార్చి విన్నాను. యమహాలో నాదస్వరం ముఖం మీదకొస్తుంది, గొంతులో చిన్న గీర ఉన్నా పట్టిస్తుంది. కాసేపటికి చెవి అలిసిపోతుంది. ఆడమ్‌లో తాళాల గలగల సన్నగా, విడివిడిగా వినిపించింది. డోలు అడుగు కూడా ఇంకాస్త తెలిసింది. గొంతు, మైకు మాత్రమే పెట్టుకుని పనిచేసేవాళ్లకి నేనైతే యమహాయే చెప్తాను.

కానీ నేను కొన్నది ఆడమ్. కారణం మా బిల్డింగ్! ఇక్కడ రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా, ఆదివారమైతే రోజంతా, మన సౌండ్ మన గది దాటకూడదు. మా బిల్డింగ్ రూల్స్‌లో మధ్యాహ్నం 1 నుంచి 3 కూడా ఉంది. ఆదివారం ఖాళీ గాజు సీసాలు వీధి చివరి డబ్బాలో వెయ్యడం కూడా తప్పే, ఖంగుమంటాయని. ఇక నేను మిక్స్ చేసేదంతా చిన్న సౌండ్‌లోనే. సౌండ్ తగ్గితే మనిషి చెవికి బేస్ ఇంకా తక్కువ వినిపిస్తుంది. చాలట్లేదనుకుని పెంచేస్తాం, ఆ పాట పెళ్లి డీజే బాక్సుల్లో పడితే గుండెలదురుతాయి. అందుకే కిందికి ఇంకాస్త దిగేది తీసుకున్నాను.

మనూళ్లో ఐదింటికే గుడి మైకు మొదలవుతుంది కదా. అమ్మ ఫోన్ చేసినప్పుడు వెనక అది వినిపిస్తుంటుంది. "ఉండవే, తలుపేసొస్తా" అంటుంది. వద్దమ్మా, తీసే ఉంచు అంటాను.

అదలా ఉంచండి. జత 300 నుంచి 400 యూరోల మధ్యలో పడుతుంది, అంటే 30, 40 వేల రూపాయలు. స్టాండ్లు, కేబుళ్లు వేరే. నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చు, ఎందుకని కూడా అడగరు. ఆన్‌లైన్‌లో కొంటే 14 రోజులు ఎలాగూ చట్టమే ఇస్తుంది. ఈ దేశంలో నాకు నచ్చిన వాటిల్లో ఇదొకటి.

ఇంటికొచ్చి పెట్టేశాం. రెండు స్పీకర్లు, నా తల, మూడూ సమాన దూరంలో ఉండాలి. పైన ఉండి సన్నటి శబ్దాలిచ్చే చిన్న ట్వీటర్ చెవి ఎత్తులో ఉండాలి. స్పీకర్ వెనకున్న గోడకి దాని ముందుభాగం 86 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, గోడకి తగిలి వెనక్కొచ్చే సౌండ్ 100 హెర్ట్జ్ దగ్గర అసలు సౌండ్‌ని మింగేస్తుంది. అందుకని గోడకి బాగా దగ్గరగా జరిపాను. గోడకి దగ్గరైతే బేస్ ఎక్కువవుతుంది కాబట్టి స్పీకర్ వెనకున్న స్విచ్‌తో బేస్ 2 డెసిబెల్స్ తగ్గించాను. గోడకి అమ్మ కుట్టిన బొంత వేలాడదీశాను. బొంత తాళాల మెరుపుని అణుస్తుంది కానీ బేస్‌ని ఏం చెయ్యలేదు. దానికి మందంగా రాక్‌వూల్ (రాతి నారతో చేసే దూదిలాంటిది) ప్యానెళ్లు కట్టాలి, అది ఇంకో వీడియో.

ఇక తమ్ముడూ, "వచ్చేటప్పుడు నాకో జత తేవే" అన్నావు. ఒక్కోటి 5.7 కిలోలు రా! 23 కిలోల సూట్‌కేసులో సగం నీకే ఇస్తే మీ అమ్మ చాక్లెట్లు, మా అత్తగారి బాదం పప్పులు ఎక్కడ పెట్టను? పైగా అక్కడ పాడైతే బాగుచేయించడానికి మళ్లీ నా ప్రాణం తీస్తావు. అక్కడే కొనుక్కో. కొనేముందు టేపు పెట్టి నీ గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి పంపు. టేబుల్ ఏ గోడకి ఉందో ఫోటో కూడా తియ్యి.