గుడ్డి ముసలాయన కుర్చీలో కూర్చుని

అందరికీ నమస్కారం. ఇవాళ మాట్లాడబోయేది నవలల్లోని వికృతరూపుల గురించి, వాళ్ల మీద మనకి కలిగే జాలి గురించి. ముందుగా ఒక్క మాట. ఫ్రాంకెన్‌స్టైన్ అనగానే మెడకి బోల్టులున్న రాక్షసుడు గుర్తొస్తాడు కదా, ఆ బోల్టులు 1931 నాటి సినిమావి, ఆ పేరేమో వాణ్ని తయారుచేసిన విక్టర్ ఇంటిపేరు. వాడికి పేరే లేదు. మనం వీధికుక్కకైనా ఏదో ఒక పేరు పెట్టి పిలుస్తాం.

మేరీ షెల్లీ ఈ కథ మొదలుపెట్టింది 1816లో, అప్పటికి ఆమెకు 18 ఏళ్లే. పుస్తకం 1818లో రచయిత్రి పేరు లేకుండా వచ్చింది. అందులో వాడు ఎనిమిది అడుగుల మనిషి, పసుపు రంగు చర్మం, నల్లటి పెదవులు. అన్నీ అందమైన అవయవాలే ఏరి తెచ్చి చేశానంటాడు విక్టర్, తీరా వాడు కళ్లు తెరిచేసరికి గదిలోంచి పారిపోతాడు!

నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఒకటుంది. వాడు ఓ పేద కుటుంబం ఇంటికి ఆనుకుని ఉన్న కొట్టంలో నెలల తరబడి దాక్కుంటాడు. గోడ సందులోంచి వాళ్లను చూస్తూ, వింటూ భాష నేర్చుకుంటాడు. రాత్రిళ్లు అడవికెళ్లి కట్టెలు కొట్టుకొచ్చి గుమ్మం ముందు పడేస్తాడు, ఎవరు తెస్తున్నారో వాళ్లకి తెలీదు. చివరికి ఓ రోజు పిల్లలు బయటికెళ్లడం చూసి ధైర్యం చేసి తలుపు తడతాడు. లోపల ముసలాయన ఒక్కడే, ఆయనకి చూపు లేదు. రా, కూర్చో అంటాడు. నీ మొహం నాకు కనిపించదు కానీ నీ మాటల్లో నిజం ఉన్నట్టుంది అంటాడు. ఇంతలో కొడుకు వచ్చి కర్రతో చావబాదుతాడు. వాడు తలచుకుంటే ఆ కుర్రాణ్ని రెండు ముక్కలు చేయగలడు, కానీ చెయ్యెత్తకుండా వెళ్లిపోతాడు.

నేననేదేమిటంటే, నవల చదివేవాళ్లందరం ఆ ముసలాయన కుర్చీలోనే కూర్చుంటాం. మనకి మొహం కనిపించదు, గొంతొక్కటే వినిపిస్తుంది, పైగా వాడు బ్రహ్మాండంగా మాట్లాడతాడు. అందుకే అంత తేలిగ్గా వాడి పక్షం చేరిపోతాం. కాలేజీ రోజుల్లో నేనూ అంతే.

తర్వాత మళ్లీ చదివినప్పుడు జస్టిన్ దగ్గర ఆగిపోయాను. విక్టర్ వాళ్లింట్లో పనిచేసే అమ్మాయి. వాడు విక్టర్ చిన్న తమ్ముణ్ని చంపి, పిల్లాడి దగ్గరున్న వాళ్లమ్మ చిత్రాన్ని తీసుకెళ్లి, ఓ కొట్టంలో నిద్రపోతున్న జస్టిన్ బట్టల మడతల్లో దూరుస్తాడు. ఎందుకంటే ఆమె అందంగా ఉంది, అలాంటి నవ్వు తనకెప్పటికీ దక్కదు, కాబట్టి ఈ హత్యకి శిక్ష ఆమే పడాలి. ఆ మాట వాడే చెబుతాడు. ఆమెకు మరణశిక్ష పడుతుంది. కర్ర దెబ్బలు తిన్నది వాడే, ఈ పని చేసిందీ వాడే, రెండూ ఒకే చేతులు. మా మిత్రుడొకరు "పాపం, సమాజమే వాణ్ని అలా చేసింది" అంటుంటాడు. సరే, జస్టిన్‌ని ఏం చేద్దాం?

విక్టర్ హ్యూగో నవలలో నోటర్‌డామ్ చర్చి గంటలు కొట్టే గూనివాడు క్వాసిమోడో గురించి అడుగుతారని తెలుసు. వాడు స్వతహాగా మంచివాడు కాబట్టి జాలిపడటంలో మనకి పెద్ద కష్టం లేదు, వదిలేద్దాం.

కష్టమంతా ఎరిక్‌తోనే. గాస్టన్ లెరూ రాసిన ఒపేరా భూతం నవలలో ఆ భూతం ఇతనే, అది 1909-10లో పారిస్ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. పుట్టుకతోనే పుర్రె లాంటి మొహం. ఒపేరా హౌస్, అంటే సంగీత నాటకశాల, కింద నేలమాళిగలో ఉంటూ, మేనేజర్లను బెదిరించి నెలకి 20,000 ఫ్రాంకులు గుంజుతుంటాడు. హంతకుడు. నన్ను పెళ్లాడకపోతే భవనమంతా పేల్చేస్తానని అక్కడి గాయని క్రిస్టీన్‌ని బెదిరిస్తాడు. ఇందులో ప్రేమ ఎక్కడుందో నాకైతే కనపడదు.

ఆ తర్వాత ఏం జరిగిందో వాడే ఏడుస్తూ నవలలో పర్షియన్ అని మాత్రమే పిలిచే తన పాత పరిచయస్తుడికి చెప్పుకుంటాడు. క్రిస్టీన్ నుదుటి మీద ముద్దు పెట్టాను, ఆమె వెనక్కి జరగలేదు, మా అమ్మ నన్నెప్పుడూ ముద్దు పెట్టనివ్వలేదు, ముసుగు నా మీదికి విసిరేసి పారిపోయేది, అంటాడు. క్రిస్టీన్ ఏడుస్తోంది. ఆ కన్నీళ్లలో ఒక్క చుక్క కూడా పోకూడదని వాడు ముసుగు పీకి పారేశాడు. ఆమెకి కళ్లు బాగానే కనిపిస్తాయి. అయినా అక్కణ్నుంచి కదల్లేదు.