ఆర్‌సీ పరికరాల రిపేరు: కంపెనీ సర్వీసుకు పంపాలా, స్వతంత్ర టెక్నీషియన్‌కు ఇవ్వాలా?

వీక్షకులందరికీ నమస్కారం. రేడియో కంట్రోల్ విమానాలు, కార్లు, పడవలు నడిపేవారు కొత్త సెట్టు కొనే ముందు ఎన్నో రివ్యూలు చూస్తారు. అదే సెట్టు కొన్నేళ్ల తర్వాత మొరాయిస్తే దాన్ని ఎవరి చేతికి అప్పగించాలో చెప్పే రివ్యూలు మాత్రం అరుదు. అందుకే ఈ వీడియోలో కొత్త వస్తువు ఏదీ పరిచయం చేయడం లేదు. తయారీ కంపెనీ సర్వీస్ సెంటర్ పనినీ, సొంతంగా రిపేర్లు చేసే స్వతంత్ర టెక్నీషియన్ పనినీ పక్కపక్కన పెట్టి పరిశీలిస్తున్నాను. నా నిర్ణయం ముందే చెప్పేస్తాను. ఎవరికి ఇవ్వాలన్నది పాడైన భాగాన్ని బట్టి తేల్చుకోవాలి. కదిలే భాగాలు, వైర్లు, బ్యాటరీ కనెక్షన్లు మంచి స్వతంత్ర టెక్నీషియన్ చేతిలో చక్కగా బాగుపడతాయి. రేడియో తరంగాలను పంపే, అందుకునే భాగం మాత్రం వాటిని కొలవగల సాధనాలు ఉన్న చోటికే వెళ్లాలి.

ముందుగా ట్రాన్స్‌మిటర్, అంటే చేతిలో పట్టుకుని మోడల్‌ను నడిపే సెట్టు, దాని స్టిక్‌ల సంగతి చూద్దాం, ఎందుకంటే రిపేరుకు వచ్చే సెట్లలో తరచుగా కనిపించే ఇబ్బంది ఇదే. మీరు స్టిక్‌ను ముట్టుకోకపోయినా మానిటర్ స్క్రీన్‌లో ఆ ఛానల్ విలువ అటూ ఇటూ ఊగుతుంటే, విమానం రెక్క మీది ఫ్లాప్ కూడా అదే విధంగా వణుకుతుంటుంది. స్టిక్‌ను పట్టి ఉంచి అన్ని వైపులకూ కదలనిచ్చే అమరికను గింబల్ అంటారు. పాత తరహా గింబల్ లోపల పొటెన్షియోమీటర్ ఉంటుంది. అందులో సన్నటి కార్బన్ పట్టీ మీద ఒక లోహపు వేలు జారుతూ స్టిక్ ఎక్కడ ఉందో చెబుతుంది. స్టిక్ ఎక్కువ సేపు మధ్యలోనే ఉంటుంది కనుక పట్టీ ముందుగా అరిగేది కూడా మధ్యలోనే. కాంటాక్ట్ క్లీనర్ చల్లితే కొంతకాలం వణుకు తగ్గుతుంది గానీ అరిగిన కార్బన్ తిరిగి రాదు. అందువల్ల క్లీనర్ చల్లి, రిపేరు పూర్తయిందని చెప్పే పనిని నేను రిపేరుగా లెక్కించను. పొటెన్షియోమీటర్‌ను మార్చాలి, వీలైతే మొత్తం గింబల్‌నే మార్చాలి. హాల్ సెన్సర్ గింబల్‌లో అయస్కాంతం, దాన్ని గమనించే సెన్సర్ ఒకదానికొకటి తగలవు కాబట్టి ఈ రకమైన అరుగుదల ఉండదు. మీ సెట్టుకు హాల్ గింబల్ దొరికితే రిపేరు సందర్భంలోనే దానికి మారిపోవడం తెలివైన పని.

ఈ పనిలో స్వతంత్ర టెక్నీషియన్‌కే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. స్ప్రింగ్ బిగువు మీ వేళ్లకు ఎంత ఉండాలో, థ్రాటిల్ స్టిక్ మెట్లు మెట్లుగా కదలాలో నున్నగా జారాలో అడిగి మరీ సరిచేసేవారు వారిలో కనిపిస్తారు. కంపెనీ సర్వీసులో గింబల్ మార్చి, ఫర్మ్‌వేర్ (సెట్టు లోపలి సాఫ్ట్‌వేర్) తాజా చేసి, ప్రామాణిక పరీక్ష జరిపి పంపిస్తారు. పని శుభ్రంగానే ఉంటుంది, కానీ మీ అలవాట్లతో వారికి సంబంధం ఉండదు. ఇద్దరిలో ఎవరు చేసినా గింబల్ మార్చిన తర్వాత కాలిబ్రేషన్, అంటే స్టిక్ మధ్య, చివరి స్థానాలను సెట్టుకు కొత్తగా గుర్తు చేయడం, తప్పనిసరి. సెట్టు చేతికి రాగానే మానిటర్ స్క్రీన్ తెరిచి, స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు విలువ 0 వద్ద నిలుస్తోందా, రెండు చివరలకూ తోసినప్పుడు పూర్తి విలువకు చేరుతోందా అని చూస్తే ఆ పని జరిగిందో లేదో క్షణంలో తెలిసిపోతుంది.

పాత సెట్లలో మరో జబ్బు ఉంది. దాని గురించి కాస్త ఎక్కువ సేపు మాట్లాడాలి, ఎందుకంటే బాగుపడగలిగిన ఎన్నో మంచి ట్రాన్స్‌మిటర్లు దీనివల్లే చెత్తబుట్టకు చేరుతున్నాయి. నికెల్ కాడ్మియం బ్యాటరీలతో వచ్చిన సెట్టును ఏళ్ల తరబడి అలమారలో వదిలేస్తే సెల్స్ కారిపోతాయి. కారే ద్రవం పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే గట్టి క్షారం. అది బ్యాటరీ కాంటాక్టులతో ఆగదు. నెగటివ్ వైరు ఇన్సులేషన్ లోపలి రాగి తీగ నల్లబడుతూ పోతుంది, కొన్నిసార్లు ఆ నలుపు స్విచ్ వరకూ, సర్క్యూట్ బోర్డు వరకూ పాకుతుంది. నల్లబడిన రాగికి సోల్డర్ అంటదు. అనుభవం లేనివారు కొత్త బ్యాటరీ అమర్చి, కనెక్టర్ మార్చి, సెట్టు ఆన్ అయిందని సంతోషిస్తారు. గాలిలో ఉండగా ఆ వైరు నిరోధం పెరిగి సెట్టు ఆగిపోతే విమానం నేలను తాకడమే. తెలిసిన టెక్నీషియన్ వైరు పైతొడుగు ఒలిచి, మెరిసే రాగి కనిపించే వరకూ వెనక్కు వెళ్తాడు, లేదా వైరును పూర్తిగా మారుస్తాడు. బోర్డు మీది క్షారాన్ని పలుచని వెనిగర్‌తో విరిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఆరబెట్టి, తినివేసిన రాగి దారులను ఒక్కొక్కటిగా పరీక్షిస్తాడు. ఇది గంటల తరబడి ఓపికతో చేయవలసిన పని. ఇంత పాత మోడళ్లను చాలా కంపెనీల సర్వీస్ సెంటర్లు తీసుకోనే తీసుకోవు. ఇటువంటి సెట్టును బతికించే శక్తి దాదాపుగా స్వతంత్ర టెక్నీషియన్ దగ్గరే మిగిలి ఉంది.

ఇప్పుడు రేడియో భాగం వైపు వద్దాం. ఇక్కడ నా తీర్పు తిరగబడుతుంది. వెనుకటి 72 లేదా 35 మెగాహెర్ట్జ్ సెట్లలో మోడల్‌లో ఉండే రిసీవర్ ఆంటెన్నా సుమారు ఒక మీటరు పొడవైన మామూలు తీగ. అది తెగితే సరైన పొడవుకు అతికి, రేంజ్ చూసుకుని వాడుకునేవారు. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్లలో తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు మాత్రమే. సన్నటి కోయాక్సియల్ కేబుల్ చివర కవచం లేకుండా బయటికి కనిపించే సుమారు 31 మిల్లీమీటర్ల ముక్కే అసలు ఆంటెన్నా. ఆ పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు. కొన్ని మిల్లీమీటర్లు తెగినా, మధ్యలో మామూలు తీగ ముక్క అతికించినా, సిగ్నల్ బలం పడిపోతుంది. బల్ల మీద పరీక్షించినప్పుడు అన్నీ సక్రమంగా కదులుతాయి కాబట్టి ఆ లోపం కంటికి కనిపించదు. దూరం వెళ్లిన తర్వాతే బయటపడుతుంది. ఆంటెన్నా తెగితే మొత్తం కేబుల్‌ను మార్చాలి. అతికిన కేబుల్‌తో వచ్చిన రిసీవర్‌ను, అతికినవారు ఎంత పేరున్నవారైనా, విమానంలో పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను.

ట్రాన్స్‌మిటర్ వైపు మరో ప్రమాదం ఉంది. ఆంటెన్నా లేకుండా సెట్టును ఆన్ చేస్తే బయటికి వెళ్లవలసిన శక్తి వెనక్కు తిరిగి పవర్ యాంప్లిఫయర్‌ను దెబ్బతీయగలదు. అది పూర్తిగా చనిపోతే కనీసం తెలుస్తుంది. సగం బలంతో బతికి ఉంటే స్క్రీన్ వెలుగుతుంది, మోడల్ స్పందిస్తుంది, రేంజ్ మాత్రం ఉండదు. ఈ లోపాన్ని పట్టుకోవాలంటే ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల) పవర్ మీటర్ గానీ స్పెక్ట్రమ్ అనలైజర్ గానీ కావాలి. మీరు సంప్రదించిన టెక్నీషియన్ దగ్గర ఆ సాధనాలు ఉన్నాయా అని మొహమాటం లేకుండా అడగండి. లేకపోతే ఆ సెట్టును కంపెనీకి పంపడమే మేలు. ఆర్‌ఎఫ్ మాడ్యూల్ మారితే ట్రాన్స్‌మిటర్ గుర్తింపు సంఖ్య కూడా మారవచ్చు. అలా మారినప్పుడు మీ రిసీవర్లన్నింటినీ మళ్లీ బైండ్ చేసుకోవాలి, అంటే ట్రాన్స్‌మిటర్‌తో కొత్తగా జత కలపాలి.

కంపెనీ సర్వీసులో నాకు నచ్చని విషయాలు కూడా ఉన్నాయి. కూలిపోయినందువల్ల, నీట మునిగినందువల్ల జరిగిన నష్టానికి వారంటీ సాధారణంగా వర్తించదు. అటువంటప్పుడు రిపేరుకు బదులు తగ్గింపు మీద మరో యూనిట్ ఇస్తామంటారు, లేదా మీ సెట్టుకు బదులు బాగుచేసిన వేరే సెట్టు పంపుతారు. బోర్డు మార్చినా, ఫర్మ్‌వేర్ మార్చినా మీ మోడల్ మెమరీ చెరిగిపోవచ్చు. ఎన్నో వారాల పాటు సర్దుకున్న ట్రిమ్‌లు, మిక్స్‌లు, ఎక్స్‌పో విలువలు (స్టిక్ కదలికకు మోడల్ ఎలా స్పందించాలో తేల్చే అమరికలు) అందులోనే ఉంటాయి కనుక సెట్టు పంపే ముందు వాటిని ఎస్‌డీ కార్డు మీదకో కంప్యూటర్‌లోకో తప్పక కాపీ చేసుకోండి. ఆ సౌకర్యం లేని సెట్లయితే ప్రతి స్క్రీన్‌ను ఫోటో తీసి ఉంచండి.

కంపెనీ సర్వీసు ఎల్లకాలం ఉంటుందని నమ్మడానికీ వీల్లేదు. అమెరికాలో జపాన్ కంపెనీ ఫుటాబా సెట్లను పంపిణీ చేసిన హాబికో సంస్థ 2018 జనవరిలో దివాలా రక్షణ కోరింది. ఆ ఏడాదే దాని బ్రాండ్లలో కొన్నింటిని హొరైజన్ హాబీ అనే మరో సంస్థ కొనుగోలు చేసింది. జపాన్‌లోని తయారీదారుకు ఏమీ కాలేదు, కానీ మధ్యలోని పంపిణీదారు కూలితే ఆ దేశంలో సర్వీసు ఏర్పాట్లన్నీ కొత్తగా మొదలుపెట్టవలసి వస్తుంది. రిపేరు కోసం మనం ఆధారపడేది చాలాసార్లు తయారీదారు మీద కాదు, అతని తరఫున అమ్మే సంస్థ మీద అన్న సంగతి కొనేటప్పుడే గుర్తుండాలి.

ఈ దృష్టితో చూసినప్పుడు ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ అందుబాటులో ఉండే) ఫర్మ్‌వేర్‌తో నడిచే సెట్ల పట్ల నా మొగ్గు దాచుకోను. ఓపెన్‌టీఎక్స్ అనే అటువంటి ఫర్మ్‌వేర్ నుంచి వేరుపడి వచ్చిన ఎడ్జ్‌టీఎక్స్‌తో నడిచే సెట్టులో మోడల్ వివరాలన్నీ ఎస్‌డీ కార్డులో ఫైళ్లుగా ఉంటాయి, కంప్యూటర్‌లో తెరిచి చూసుకోవచ్చు. ఫర్మ్‌వేర్ చెడి సెట్టు వెలగకపోయినా, బూట్‌లోడర్ (ఫర్మ్‌వేర్‌ను ఎక్కించే చిన్న ప్రోగ్రామ్) ద్వారా యూఎస్‌బీ కేబుల్‌తో దాన్ని తిరిగి ఎక్కించే మార్గం ఉంటుంది. రేడియోమాస్టర్ వంటి తయారీదారులు గింబల్‌లు, స్విచ్‌ల వంటి విడిభాగాలను నేరుగా అమ్ముతున్నారు. విడిభాగం దొరుకుతుందన్న భరోసా ఉంటే స్వతంత్ర టెక్నీషియన్ మరో చచ్చిన సెట్టును వెతికి దాని భాగాలు పీకవలసిన అవసరం ఉండదు. ప్రతి తయారీదారూ కనీసం గింబల్, స్విచ్, ఆంటెన్నా, బ్యాటరీ తలుపు విడిగా అమ్మాలని నేను కోరుకుంటున్నాను.

సర్వోల, అంటే మోడల్‌లోని భాగాలను కదిపే చిన్న మోటారు యూనిట్ల, విషయం క్లుప్తంగా చెబుతాను. పళ్లు విరిగిన గేర్ల సెట్టు మార్చుకోవడం తేలిక, చాలా మోడళ్లకు గేర్లు విడిగా దొరుకుతాయి. వాటర్‌ప్రూఫ్ సర్వోను విప్పినప్పుడు సీలు కూడా కొత్తది వేయాలి. మధ్యలో వణికే చిన్న ప్లాస్టిక్ గేర్ సర్వోను బాగుచేయించడం కన్నా కొత్తది కొనడమే నయం. కాలిపోయిన ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే ఎలక్ట్రానిక్ యూనిట్) గురించి కూడా నా మాట అదే. అందులో కరెంటును నడిపే మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్ ఒకటి పోయిందంటే పక్కనున్నవి కూడా ఎంతో కొంత దెబ్బతిని ఉంటాయి. ఉబ్బిన లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీని ఎవరూ రిపేరు చేయకూడదు, చేస్తామన్న వారికి ఇవ్వకూడదు. జెట్ విమానాల టర్బైన్ ఇంజన్‌కు తయారీదారు తప్ప వేరే దారి లేదు.

సెట్టును పార్సెల్‌లో పంపేటప్పుడు బ్యాటరీని తీసి మీ దగ్గరే ఉంచుకోవడం ఉత్తమం. విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీలకు యూఎన్ 3480 అనీ, పరికరంతో కలిసి వెళ్లేవాటికి యూఎన్ 3481 అనీ రవాణా వర్గాలు ఉన్నాయి. 2016 ఏప్రిల్ 1 నుంచి విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడం నిషిద్ధం. పార్సెల్‌లో బ్యాటరీ కన్నా ముఖ్యమైనది ఒక కాగితం. లోపం ఎప్పుడు కనిపిస్తుందో, ఎంత సేపటికి మొదలవుతుందో, ఏ రిసీవర్‌తో, ఏ ఫర్మ్‌వేర్‌తో వస్తుందో వివరంగా రాయండి. "పని చేయడం లేదు" అన్న ఒక్క మాటతో పంపిన సెట్టు అక్కడి బల్ల మీద చక్కగా పని చేసి, లోపం లేదన్న చీటీతో తిరిగి రావడం తరచుగా జరిగేదే. ఆగి ఆగి వచ్చే లోపమైతే చిన్న వీడియో తీసి పంపండి. అలాగే ఏ భాగం మార్చారో, ఏ పరీక్ష చేశారో రాసి ఇవ్వమనీ, తీసేసిన పాత భాగాన్ని తిరిగి పంపమనీ ముందే అడగండి. ఈ రెండింటికీ వెంటనే ఒప్పుకునే టెక్నీషియన్ మీద నాకు నమ్మకం కలుగుతుంది.

సెట్టు తిరిగి వచ్చాక నేరుగా మైదానానికి వెళ్లి ఎగరేయవద్దు. ప్రొపెల్లర్ తీసేసి, మోడల్‌ను గట్టిగా కట్టి ఉంచండి. ముందు ట్రాన్స్‌మిటర్, తర్వాత రిసీవర్ ఆన్ చేసి, సిగ్నల్ బలాన్ని కావాలనే తగ్గించే రేంజ్ చెక్ మోడ్‌లో పెట్టి, మాన్యువల్‌లో చెప్పినంత దూరం నడవండి. స్పెక్ట్రమ్ అనే బ్రాండు సెట్లకు ఇది 30 అంగలు, అంటే సుమారు 28 మీటర్లు. అక్కడ నిలబడి అన్ని ఛానల్స్ కదుపుతూ, ట్రాన్స్‌మిటర్‌ను వేర్వేరు దిక్కులకు తిప్పుతూ చూడండి. మోటారు ఆపి ఒకసారి, నడిపిస్తూ ఒకసారి ఇదే పరీక్ష చేయండి, ఎందుకంటే మోటారు, ఈఎస్‌సీల నుంచి వచ్చే విద్యుత్ రొద అప్పుడే బయటపడుతుంది. చివరగా మోటారు నెమ్మదిగా తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్‌ను ఆపేయండి. ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ పోయినప్పుడు మోడల్ ఏం చేయాలో చెప్పే అమరిక, సరిగా ఉంటే మోటారు ఆగాలి. మళ్లీ బైండ్ చేసిన ప్రతిసారీ ఫెయిల్‌సేఫ్‌ను కొత్తగా అమర్చి ఈ పరీక్ష చేయాలి. ఆగకపోతే ఆ మోడల్‌కు ప్రొపెల్లర్ బిగించకండి. బైండింగ్ నుంచి మళ్లీ మొదలుపెట్టండి, అప్పటికీ ఆగకపోతే పరీక్ష వివరాలు రాసిన కాగితంతో సహా ట్రాన్స్‌మిటర్‌నూ రిసీవర్‌నూ రిపేరు చేసినవారికే తిరిగి పంపండి.