షూ బిగుతా? ముందు లేసు విప్పండి

పొద్దున్నే శ్రీకాకుళం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కి వెళ్లి, ఆర్మీకో కానిస్టేబుల్ సెలక్షన్‌కో 1600 మీటర్లు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లని అడగండి: "షూ పట్టేస్తోంది, ఏటి చేయాలి?" అందరిదీ ఒకటే మాట: "ఒక సైజు పెద్దది తీసుకో." కొట్టువాడూ అదే అంటాడు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

రెడీమేడ్ చొక్కా చంక దగ్గర పట్టేస్తే పొడుగు చొక్కా కొంటామా? దర్జీ దగ్గర ఆ ఒక్కచోటే కుట్టు విప్పించుకుంటాం. షూ కూడా అంతే. సైజు నంబరు ప్రధానంగా పొడవు లెక్క. 8 నుంచి 9కి వెళ్తే పొడవు సుమారు 8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బిగుతు పాదం పైన ఉంటే ఆ పొడవుతో పనేంటి? పైగా మడమ వదులై, పాదం ముందుకు జారి, అడుగడుగునా గోరు గుద్దుకుంటుంది. "పెద్ద షూ వేసుకున్నా గోరు నల్లబడిందన్నా" అంటారు. వేసుకున్నా కాదు తమ్ముడూ, వేసుకున్నందుకే!

నిలబడినప్పుడు వేళ్ల ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ లేకపోతే మాత్రం నిజంగానే షూ పొట్టి. మార్చాల్సిందే.

(షూ కెమెరాకి దగ్గరగా పెట్టి) ఇదిగో, అన్నిటికన్నా పైన, కాస్త వెనక్కి ఒక కన్నం. అలంకారానికి పెట్టారనుకుని చాలామంది వదిలేస్తారు. లేసు కొసని ఇందులోకి బయటి నుంచి లోపలికి దూర్చండి. పూర్తిగా లాగొద్దు, చిన్న ఉచ్చు వదలండి. రెండో వైపూ అంతే. ఇప్పుడు కుడి కొస ఎడమ ఉచ్చులోంచి, ఎడమ కొస కుడి ఉచ్చులోంచి తీసి, కిందికి లాగి ముడేయండి. మడమ కదలదు, వేళ్లకి చోటు తగ్గదు. చొక్కా లెక్కలో చెప్పాలంటే, నడుము దగ్గర పట్టాం, చంక దగ్గర వదిలాం.

పాదం మీద ఎముక నొప్పెడుతుంటే, దాని మీదుగా లేసు అడ్డంగా పోకూడదు. అక్కడ ఏ వైపు లేసుని ఆ వైపే నిలువుగా పై కన్నానికి ఎక్కించండి.

దర్జీ చొక్కా లోపల కాస్త గుడ్డ మడిచి ఉంచుతాడు, రేపు విప్పుకోడానికి. షూలో ఆ మడత గుడ్డ ఇన్‌సోలే, అంటే లోపల పాదం కింద పరిచే మెత్త. అది తీసి పల్చటిది వేస్తే పాదం కిందికి దిగుతుంది, పైన చోటొస్తుంది. వదులుగా ఉంటే దాని కిందే పాతదొకటి కోసి వేయండి.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా. చిటికెనవేలు ఒరుసుకుంటుంటే, పాత జతకి మాత్రమే, పైన జాలీ గుడ్డ మీద సెంటీమీటరు గాటు పెట్టండి. కుట్టిన పట్టీ జోలికి పోవద్దు. పోగులు లేవకుండా అంచుకి నెయిల్ పాలిష్ రాయండి. కింద ఫోమ్ చెక్కడం వద్దు. వేడి పెట్టి సాగదీయడం అసలే వద్దు, ఫోమ్ కుంచించుకుపోతుంది. ఏం మార్చినా సాయంత్రం, పాదం కొంచెం ఉబ్బి ఉన్నప్పుడు వేసి చూసుకోండి. సెలక్షన్‌కి ముందురోజు రాత్రి మాత్రం కత్తెర పట్టుకోకండి బాబూ.