కొలంబో నుంచి చవక బిజినెస్ క్లాస్: అమ్మతో డాలస్ దాకా

నమస్తే అండీ. వెనకాల ఏడుపు వినిపిస్తే అది నా మేనకోడలు. పుట్టి పదకొండు రోజులైంది, మామయ్య వీడియో తీసుకుంటున్నాడు కాసేపు ఆగుదామని దానికి తెలీదు. డాలస్‌లో చెల్లి వాళ్ళింట్లో ఉన్నా. పురుడు పోయడానికి అమ్మని తీసుకొచ్చా, అదీ బిజినెస్ క్లాసులో, అదీ మామూలు ధరకి చాలా తక్కువలో. ఎలాగో చెప్తా, కానీ వింటూ వింటూ బుక్ చేసేయకండి, ఆఖరిదాకా ఆగండి.

ముందే ఒక మాట. టికెట్లు నా సొంత డబ్బులతో కొన్నవే. కానీ ఈ ధర నా కంట పడేలా చేసింది ఒక డీల్స్ అలర్ట్ సర్వీసు, వాళ్ళు ఏడాది సభ్యత్వం ఊరికే ఇచ్చి వీడియోలో ఒక్క నిమిషం మా గురించి చెప్పమన్నారు. చెప్తున్నా: అలర్ట్ వచ్చింది, టైముకి వచ్చింది, ధర నిజమే. అలర్ట్‌లో రాయనివన్నీ ఈ వీడియోలో ఉన్నాయి. అయిపోయింది బాబూ మీ నిమిషం.

విమాన సంస్థ పేరు చెప్పను, తిట్టబోతున్నా కాబట్టి. సీటు ఎన్ని అంగుళాలు, స్క్రీన్ ఎంత పెద్దది, ఇవన్నీ మీరు ఈపాటికి వంద వీడియోల్లో చూసే ఉంటారు, నేనైతే టేపు పట్టుకుని కొలవలేదు.

ధర సంగతి. ఆ వారం హైదరాబాద్ నుంచి డాలస్‌కి బిజినెస్ రానూపోనూ ఒక్కొక్కరికి 3,70,000 చూపించింది. అదే సంస్థ, మధ్యలో అదే హబ్, అంటే విమానం మారే వాళ్ళ ప్రధాన ఎయిర్‌పోర్ట్, అక్కణ్ణుంచి డాలస్‌కి అదే విమానం, కాకపోతే మొదట కొలంబోలో ఎక్కాలి, అప్పుడు 2,15,000. వినడానికి పిచ్చిగా ఉంటుంది కానీ విమానాల ధరలు దూరాన్ని బట్టి ఉండవండీ, ఆ ఊళ్ళో అంత పెట్టి కొనేవాళ్ళు ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటాయి. హైదరాబాద్‌లో కంపెనీ డబ్బుతో వెళ్ళేవాళ్ళు బోలెడుమంది, కొలంబోలో అంతమంది లేరు, కాబట్టి అక్కడ తగ్గించి అమ్ముతారు. పైగా ఇండియాలో మొదలయ్యే బిజినెస్ టికెట్‌కి 2025 సెప్టెంబర్ నుంచి 18 శాతం జీఎస్టీ, ఎకానమీకైతే 5 శాతమే. కొలంబోలో మొదలైతే ఆ గొడవ లేదు.

దీన్ని ఎర్రర్ ఫేర్, అంటే సంస్థ పొరపాటున పెట్టేసిన ధర అనుకోకండి, అది వేరే. 2019 జనవరి 1న కాథే పసిఫిక్ పొరపాటున వియత్నాంలోని డానాంగ్ నుంచి న్యూయార్క్‌కి బిజినెస్ రానూపోనూ దాదాపు 675 డాలర్లకి పెట్టేసింది, మామూలుగా 16,000 డాలర్లు ఉండే టికెట్ అది. కొన్నవాళ్ళందరినీ ఆ ధరకే ఎక్కించుకుంది కూడా. నేనేమో డిసెంబర్ 31 రాత్రి మేలుకుని, ఆ రోజు మధ్యాహ్నం దాకా పడుకున్నా. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు.

చాలామంది అడిగేది ఏంటంటే, కొలంబో దాకా ఎందుకు, టికెట్ కొనేసి మధ్యలో హబ్ దగ్గరే ఎక్కొచ్చు కదా అని. కుదరదు. మొదటి విమానం ఎక్కకపోతే నో షో అని రాసేసి మిగతా టికెట్ మొత్తం, తిరుగు ప్రయాణంతో సహా, రద్దు చేసేస్తారు. కాబట్టి వేరే టికెట్ కొనుక్కుని హైదరాబాద్ నుంచి కొలంబోకి వెళ్ళాల్సిందే, రెండు గంటల ప్రయాణం. శ్రీలంకకి ఈటీఏ, అంటే ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి, తీసుకోవాలి, ఎందుకంటే రెండూ వేర్వేరు టికెట్లు, సామాను నేరుగా డాలస్‌కి వెళ్ళదు, మనమే బయటికొచ్చి తీసుకుని మళ్ళీ చెకిన్ చేయాలి. మొదటి విమానం ఆలస్యమైతే రెండోవాళ్ళకి మనతో సంబంధం లేదు. అందుకే ముందు రోజే వెళ్ళి, ఎయిర్‌పోర్ట్ దగ్గర్లోనే ఉన్న నెగొంబోలో ఒక రాత్రి ఉన్నాం. అమ్మకి సముద్రం నచ్చింది, ఇడియాప్పం నచ్చింది, కొబ్బరి పచ్చడి మాత్రం మన చట్నీ ముందు దిగదుడుపే అంది.

సామాను దగ్గర బోల్తా పడ్డా. బిజినెస్ అంటే మనిషికి 32 కిలోల పెట్టెలు రెండు, అంటే ఇద్దరికీ కలిపి 128 కిలోలు. అమ్మ ఆ లెక్క విన్నాక ఆగుతుందా? సున్నుండలు, బాలింతకి పెట్టే కాయం, మూడు రకాల పొడులు, తెనాలి నుంచి తెప్పించిన ఆవకాయ, రోకలిబండ ఒక్కటే తక్కువ. పచ్చి కరివేపాకు మాత్రం నేనే తీయించా, అమెరికాలో దాన్ని రానివ్వరు. అన్నీ సర్దేసి నాలుగు పెట్టెలు నింపి త్రాసు మీద పెట్టి మురిసిపోయాం. తీరా శంషాబాద్‌లో చెకిన్ దగ్గర ఆ అమ్మాయి చూసి, సార్, మా టికెట్ మీద ఒక్కొక్కరికి ఇరవై కిలోలే అంది. నిజమే కదా, కొలంబో దాకా మేము మామూలు ఎకానమీ మనుషులం! అదనపు బరువుకి కట్టింది ఎంతో అమ్మకి ఈ రోజుకీ చెప్పలేదు, ఆవిడ ఈ వీడియో చూడదన్న ధైర్యంతో చెప్తున్నా, ముప్పై ఎనిమిది వేలు.

సరే, అసలు విషయం, సీటు. నేను బుక్ చేసినప్పుడు సీట్ మ్యాప్‌లో 1-2-1 ఉంది. అంటే వరుసకి అటొకటి, మధ్యలో రెండు, ఇటొకటి సీట్లు, ఎవరికి వాళ్ళు నడవాలోకి నేరుగా దిగొచ్చు, ఆ విమానంలో సీటుకి తలుపు కూడా ఉంటుంది. ప్రయాణానికి నాలుగు రోజుల ముందు యాప్ తెరిస్తే సీట్లు మారిపోయి ఉన్నాయి. విమానం మార్చేశారు, పాత రకం, 2-2-2, అంటే సీట్లన్నీ జంటలుగా. ఫోన్ చేస్తే, మీ క్లాసు అదే కదండీ, డబ్బు వెనక్కి రాదు అన్నారు. నియమాల ప్రకారం వాళ్ళదే కరెక్టు, అదే ఒళ్ళు మండించింది. మీరు కొనేది బిజినెస్ అన్న మాటనే, ఫలానా సీటుని కాదు. ఇది తెలిసీ నేను నెలల తరబడి ఆ తలుపు సీటు వీడియోలు చూసి కూర్చున్నా.

విమానంలోకి వెళ్ళాక కోపం సగం తగ్గింది, అది ఒప్పుకోవాలి. ఎందుకంటే 2-2-2లో మా ఇద్దరి సీట్లూ పక్కపక్కనే. తలుపు ఉన్న గదిలాంటి దాంట్లో అమ్మని ఒక్కదాన్నే కూర్చోబెడితే పదిహేను గంటలు బిక్కుబిక్కుమంటూ గడిపేది. పక్కన ఉన్నా కాబట్టి ఆ వేడి టవల్ దేనికో చెప్పా, రిమోట్ చూపించా, సీటుని మంచంలా చేసి పరుపు పరిచి ఇచ్చా. ఆవిడ చూసింది, దుప్పటి మడిచి పక్కన పెట్టింది, కూర్చుంది. పడుకోవే అంటే, "ఇంతమంది మగవాళ్ళ మధ్య కాళ్ళు బారజాపుకుని ఎలా పడుకుంటాన్రా" అంది. లక్షలు పోసింది ఆ ఒక్క మంచం కోసం! లైట్లు ఆర్పేశాక ఎట్టకేలకు ముసుగు తన్ని పడుకుంది.

నేనూ పడుకున్నా. మంచం గురించి చెప్పాలంటే, అబ్బా. ఎనిమిదేళ్ళ కింద ఇదే డాలస్‌కి ఎకానమీలో ఆఖరి వరుసలో, వెనక్కి వాలని సీటులో, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని వచ్చినవాణ్ణి. ఒకసారి విమాన సంస్థ ఖాళీ బిజినెస్ సీట్లకి పెట్టే వేలంలో బిడ్ వేసి బిజినెస్‌కి మారా కానీ అది వాలుగా పడుకునే పాత సీటు, నిద్ర పట్టేలోపు జారుడుబల్ల మీద నుంచి జారినట్టు కిందికి జారేవాణ్ణి. ఇది అలా కాదు, నిజంగా బల్లపరుపు. ఆరున్నర గంటలు ఒళ్ళు తెలీకుండా పోయా.

లేచి చూస్తే అమ్మ కూర్చుని ఉంది, కళ్ళు విప్పార్చుకుని. ఏంటమ్మా అంటే, "బాత్రూమ్‌కి వెళ్ళాలిరా. నువ్వు నిద్రపోతున్నావు కదా నాన్నా, లేపడమెందుకని" అంది. ఎప్పటి నుంచి అంటే చెప్పదు.

జరిగింది ఏంటంటే, మబ్బులు కనిపిస్తాయని మురిపెంగా కిటికీ సీటు ఆవిడకి ఇచ్చా. ఆ సీట్లలో నడవా పక్కవాడు మంచం వేశాడంటే కిటికీ వైపు వాళ్ళకి దారి మూసుకుపోయినట్టే, వాడి కాళ్ళ మీదుగా దాటాలి. మోకాళ్ళ నొప్పులున్న అరవై ఎనిమిదేళ్ళ మనిషి, చీర కట్టుకుని, చీకట్లో, కొడుకు కాళ్ళ మీదుగా ఎలా దాటుతుంది? దాటదు, లేపదు. పైగా మళ్ళీ వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తాగడం కూడా మానేసిందట. డాలస్‌లో దిగేసరికి పాదాలు వాచిపోయి చెప్పుల్లో పట్టలేదు. ఎకానమీలో నడవా సీటులో కూర్చోబెట్టి తెచ్చినా ఇంతకంటే సుఖంగా వచ్చేది కదా అని రెండు రోజులు నాలో నేనే కుమిలిపోయా.

భోజనం గురించి ఒక్క మాటే. బుక్ చేసేటప్పుడు హిందూ మీల్ అని కనిపిస్తే శాకాహారం అనుకుని నొక్కేయకండి. గొడ్డుమాంసం ఉండదు, అంతే, కోడి రావచ్చు, మేక రావచ్చు. మా పెదనాన్న అలా నొక్కి అమెరికా దాకా అరటిపళ్ళతో వచ్చాడు. ఏషియన్ వెజిటేరియన్ అని ఉంటుంది, అది తీసుకోండి. అమ్మకి అదే వచ్చింది, పప్పు బాగుందంది, ఆవిడ నోటి నుంచి ఆ మాట రావడం మా ఇంట్లో పండగే.

కొనొచ్చా అంటే, ఒంటరిగా, ఒక్క పెట్టెతో, తీరిక ఉన్నవాళ్ళైతే కళ్ళు మూసుకుని కొనండి, ఆ నిద్రకి ఆ ధర తక్కువే. పెద్దవాళ్ళతో అయితే నేను మాత్రం మళ్ళీ కొనను, హైదరాబాద్ నుంచే ఒకే టికెట్ మీద తీసుకొస్తా, అవసరమైతే ఎకానమీలో. ఇప్పటికే కొనేసి ఉంటే ప్రయాణం ముందు రోజు దాకా విమానం మారిందేమో చూస్తూ ఉండండి, నడవా సీటు వాళ్ళకే ఇవ్వండి, వద్దన్నా సరే.

ఇంకోటి, ఇది నాకూ నిన్ననే తట్టింది. నేను వచ్చే వారం వెళ్ళిపోతున్నా, అమ్మ ఏప్రిల్‌లో ఒక్కతే తిరిగి రావాలి. టికెట్ ఎక్కడి దాకా? కొలంబో దాకా. హబ్‌లో దిగి హైదరాబాద్ విమానం ఎక్కించేద్దామంటే పెట్టెలు కొలంబోకి పోతాయి. అందుకని అమ్మని తీసుకురావడానికి పొద్దున్నే కూర్చుని నాకు హైదరాబాద్ నుంచి కొలంబోకి రానూపోనూ, అమ్మకి అక్కణ్ణుంచి హైదరాబాద్‌కి టికెట్లు బుక్ చేశా, ఎకానమీ. సామాను ఈసారి మనిషికి 30 కిలోలు పెట్టించా, రెండు నడవా సీట్లు, నడవాకి అటొకటి ఇటొకటి.