బండిలో మినుకుమినుకుమనే ఎర్ర లైట్: బ్యాటరీ తినకుండా, దొంగకు అనుమానం వచ్చేలా పెట్టుకోవడం ఎలా

అందరికీ నమస్కారం. రాత్రిపూట ఆపి ఉన్న కార్ల పక్కనుంచి నడుస్తుంటే కొన్నిటి డాష్‌బోర్డ్ మీద చిన్న ఎర్ర లైట్ వెలిగి ఆరుతూ కనిపిస్తుంది, గమనించే ఉంటారు. ఈ కారులో అలారం పనిచేస్తోంది అని చెప్పే లైట్ అది. అలారం లేని పాత కారుకైనా, బైక్‌కైనా అలాంటి లైట్‌ని మనమే ఎలా పెట్టుకోవాలో ఈ వీడియోలో చూద్దాం.

ముందుగా ఒక మాట చెప్పాలి. ఈ లైట్ తాళం కాదు, సైరనూ కాదు. వరసగా ఉన్న బండ్లలో ఏది తేలిగ్గా వస్తుందా అని చూసుకుంటూ వెళ్లేవాడికి, దీన్ని ముట్టుకుంటే గోలవుతుందేమో అన్న అనుమానం పుట్టించడమే దీని పని. మీ బండే కావాలని టో ట్రక్‌తో వచ్చినవాడిని ఇది ఆపలేదు. కీలెస్ కారు తాళం సిగ్నల్‌ని ఇంట్లోంచి లాగే పరికరం పట్టుకుని వచ్చినవాడిని అసలే ఆపలేదు. కాబట్టి కారుకి స్టీరింగ్ లాక్, బైక్‌కి హ్యాండిల్ లాక్, డిస్క్ లాక్ వేయడం మానకండి. అవి ఉన్న బండికి ఈ లైట్ తోడైతేనే విలువ.

అనుమానం పుట్టాలంటే లైట్ నిజమైనదానిలా ఉండాలి కదా. నీలం, ఎరుపు మార్చి మార్చి గబగబా కొట్టుకునే స్ట్రోబ్ లైట్లు పెడుతుంటారు కొందరు. నేనైతే వద్దంటాను. కంపెనీ వాళ్ల అలారం లైట్ అలా ఉండదు, చూడగానే తేడా తెలిసిపోతుంది. పైగా నీలం, ఎరుపు లైట్లు బయటికి కనిపించేలా మెరిపించడం చాలా దేశాల్లో పోలీసు, అంబులెన్స్ లాంటి వాహనాలకే పరిమితం. మనకి కావాల్సింది ఒక్క ఎర్ర చుక్క. సుమారు ఒకటిన్నర సెకనుకోసారి, రెప్పపాటు వెలిగి ఆరిపోవాలి.

5 మిల్లీమీటర్ల ఎర్ర ఎల్ఈడీ తీసుకోండి, పాలరంగు కవచం ఉన్న డిఫ్యూజ్డ్ రకం. గాజులా తేటగా ఉండే రకం ఎదురుగా బాగా వెలుగుతుంది కానీ పక్కనుంచి చూస్తే మసకగా ఉంటుంది. దొంగ వచ్చేది డ్రైవర్ తలుపు వైపు, అంటే పక్కనుంచే.

ఇప్పుడు అసలు విషయం, కరెంట్. ఎర్ర ఎల్ఈడీకి దాదాపు 2 వోల్టులు చాలు. బ్యాటరీ 12 వోల్టులది, నిండుగా ఉంటే 12.6 దాకా ఉంటుంది. మిగిలిన వోల్టేజ్‌ని రెసిస్టర్ తీసుకోవాలి. 1 కిలోఓమ్ వేస్తే సుమారు 10 మిల్లీయాంప్‌లు పారుతుంది, మనకి అది చాలు. రెసిస్టర్ లేకుండా నేరుగా కలిపితే ఎల్ఈడీ వెంటనే కాలిపోతుంది.

దానంతట అదే మెరిసే ఎల్ఈడీలు కూడా దొరుకుతాయి, లోపల చిన్న చిప్ ఉంటుంది. తేలిక పనే అనిపిస్తుంది, కానీ ఇందులో ఒక చిక్కుంది. లైట్ ఆరిన క్షణంలో కరెంట్ దాదాపు సున్నా అయిపోతుంది, దాంతో రెసిస్టర్ మీద వోల్టేజ్ ఏమీ పడదు, మొత్తం 12 వోల్టులూ ఆ చిప్ మీదికే వస్తాయి. 5 వోల్టుల రకమైతే కొన్నాళ్లకి పోతుంది. కొనేటప్పుడు 12 వోల్టులకని రాసి ఉన్నదే అడగండి.

నాకు నచ్చింది మాత్రం 555 టైమర్‌తో, అంటే నిర్ణీత వ్యవధిలో ఆన్, ఆఫ్ చేసే చిప్‌తో కట్టుకోవడం. 1972 నుంచి మార్కెట్లో ఉన్న చిప్ ఇది. అయితే మామూలు ఎన్ఈ555 వద్దు, అది ఖాళీగా ఉన్నప్పుడు కూడా 12 వోల్టుల దగ్గర 10 మిల్లీయాంప్‌ల దాకా తాగుతుంది. టీఎల్‌సీ555 అనే, తక్కువ కరెంట్ తాగే సీమాస్ రకం తీసుకోండి, దానికి అర మిల్లీయాంప్ కూడా పట్టదు.

కనెక్షన్ చూడండి. 8, 4 పిన్నులు ప్లస్‌కి, 1వ పిన్ను మైనస్‌కి. 2, 6 పిన్నులు కలిపి, అక్కడినుంచి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ మైనస్‌కి. ప్లస్ నుంచి 7వ పిన్నుకి 220 కిలోఓమ్, 7 నుంచి 6కి 10 కిలోఓమ్. ప్లస్ నుంచి 1 కిలోఓమ్, ఎల్ఈడీ మీదుగా 3వ పిన్నుకి. ఇలా కలిపితే 3వ పిన్ను కిందికి పడినప్పుడు మాత్రమే లైట్ వెలుగుతుంది. అంటే సెకనులో నూటికి 7 వంతులు వెలుగు, ఆ తర్వాత సుమారు 1.6 సెకన్లు చీకటి. కెపాసిటర్ 25 వోల్టులది, 105 డిగ్రీలది కొనండి. ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డ్ ఎంత వేడెక్కుతుందో మీకు తెలుసు. ప్లస్ వైపు వరసగా ఒక 1ఎన్4007 డయోడ్, 100 ఓమ్ రెసిస్టర్, ఆ తర్వాత ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య 15 వోల్టుల జీనర్ డయోడ్ (వోల్టేజ్ అంతకు మించకుండా ఆపేది) పెడితే ఇంజిన్ నుంచి వచ్చే వోల్టేజ్ ఎగుడుదిగుళ్ల నుంచి చిప్‌కి రక్షణ ఉంటుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, బైకుల కోసం. ఎల్ఈడీని ఆరకుండా 10 మిల్లీయాంప్‌లతో వెలిగిస్తే నెలకి 7.2 ఏహెచ్ (యాంప్-అవర్, బ్యాటరీ నిల్వకి కొలత) పోతుంది. 45 ఏహెచ్ కారు బ్యాటరీ తట్టుకుంటుందేమో కానీ, 4 ఏహెచ్ బైక్ బ్యాటరీ రెండు వారాలు దాటిన కొద్ది రోజుల్లోనే ఖాళీ. ఈ సర్క్యూట్ సగటున ఒక మిల్లీయాంప్ లోపే వాడుతుంది కాబట్టి నెలంతా కదపకపోయినా ముక్కాలు ఏహెచ్ కూడా దాటదు.

బండి తాళంచెవి తీసేస్తే లైట్ మెరవాలి, తాళంచెవి తిప్పితే ఆగాలి. దీనికి విడిగా స్విచ్ అక్కర్లేదు. సర్క్యూట్ ప్లస్‌ని ఎప్పుడూ కరెంట్ ఉండే వైర్‌కి, మైనస్‌ని బాడీకి కాకుండా ఇగ్నిషన్ వైర్‌కి, అంటే తాళంచెవి తిప్పినప్పుడే కరెంట్ వచ్చే వైర్‌కి కలపండి. తాళం లేనప్పుడు ఆ వైర్ దానికున్న బల్బులు, ఇతర లోడ్ల గుండా బాడీకి చేరుతుంది, లైట్ మెరుస్తుంది. తాళం తిప్పితే రెండు వైపులా 12 వోల్టులే, కరెంట్ పారడానికి దారి లేదు. అన్ని బండ్లలోనూ ఇది పనిచేయదు, ముఖ్యంగా ఆ వైర్ మీద అంతా ఎలక్ట్రానిక్ మాడ్యూళ్లే ఉన్న కొత్త కార్లలో. అందుకే సోల్డర్ చేయకముందే తాత్కాలికంగా తగిలించి చూడండి. మెరవకపోయినా, మసకగా మెరిసినా, 5 పిన్నుల రిలే (కరెంట్‌తో పనిచేసే స్విచ్) వాడండి. కాయిల్ ఒక కొస ఇగ్నిషన్‌కి, రెండోది బాడీకి. సర్క్యూట్ మైనస్ రిలే మీద 87ఏ అని రాసిన పిన్ను నుంచి 30 అని రాసిన పిన్ను మీదుగా బాడీకి. తాళం తిప్పినప్పుడే కాయిల్ కరెంట్ తీసుకుంటుంది కాబట్టి ఆపి ఉన్న బండిలో బ్యాటరీకి భారం ఉండదు.

ప్లస్ వైర్‌ని ఫ్యూజ్ బాక్స్ నుంచి ఫ్యూజ్ ట్యాప్‌తో (ఫ్యూజ్ స్థానంలో గుచ్చి అదనపు వైర్ తీసుకునే అడాప్టర్) తీసుకుని, దానికి 1 యాంప్ ఫ్యూజ్ వేయండి. ఇది మాత్రం వదిలేయొద్దు, ఎక్కడైనా వైర్ ఒరుసుకుపోయి బాడీకి తగిలితే మంట రాకుండా కాపాడేది ఆ ఫ్యూజే. అతుకుల మీద హీట్ ష్రింక్ ట్యూబ్ వేయండి, ఇన్సులేషన్ టేప్ వేడికి జారిపోతుంది. డ్రిల్ పెట్టేముందు ఆ ప్లాస్టిక్ వెనక ఏముందో చూసుకోండి. ముందు అద్దం పక్కనున్న స్తంభం తొడుగులో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉండొచ్చు, అక్కడ రంధ్రం చేయకండి. పసుపు కనెక్టర్లు, పసుపు తొడుగు వైర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వే, వాటిని మీటర్‌తో కూడా ముట్టుకోవద్దు. బైక్‌కైతే స్పీడోమీటర్ దగ్గర, వాన నీళ్లు దిగని హోల్డర్‌లో పెట్టండి.

చివరిగా ఫ్యూజ్ తీసి దాని స్థానంలో మీటర్‌ని మిల్లీయాంప్ రేంజ్‌లో పెట్టి, తాళం లేకుండా కొలవండి. మెరుపుకీ మెరుపుకీ మధ్య అర మిల్లీయాంప్ దగ్గర చూపించాలి. 5 కన్నా ఎక్కువ చూపిస్తే చిప్ మామూలు 555 అయినా అయి ఉండాలి, జీనర్ తిరగేసి అయినా పెట్టి ఉండాలి. స్టార్ట్ చేసే క్షణంలో లైట్ ఒక్కసారి మెరిస్తే కంగారు పడకండి, సెల్ఫ్ తిరిగేటప్పుడు కొన్ని కార్లలో ఇగ్నిషన్ వైర్ కాసేపు కట్ అవుతుంది. ఇవన్నీ సరిగ్గా ఉంటే ఫ్యూజ్ తిరిగి పెట్టి, బండి దిగి, డ్రైవర్ కిటికీ బయట నిలబడి లైట్ కనిపిస్తోందో లేదో చూసుకోండి.