కాతేరు రాయికి వయసు ఎవరు రాశారు?

శ్రోతలకు నమస్కారం.

నేను డిగ్రీ కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే రోజుల్లో పిల్లల్ని గౌరీపట్నం వైపు క్వారీలకు తీసుకెళ్లేవాణ్ని. ఒకసారి నల్లరాతి గోడ ముందు నిలబడి, ‘ఇది ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటి లావా’ అని చెబుతున్నాను. పక్కనే పని ఆపి టీ తాగుతున్న ఒక పెద్దాయన గ్లాసు కింద పెట్టి లేచి వచ్చాడు. ‘‘మాస్టారూ, ఒక్క మాట అడుగుతానండి, ఏమీ అనుకోకండి. మా పెద్దోడి పుట్టిన తేదీకే కాగితం లేదండి. స్కూల్లో అంచనాగా వేయించాం. ఈ రాయికి అంత లెక్క ఎవరు రాశారండి?’’

పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ప్రపంచమంతటా ఎన్నో ఏళ్లుగా జనం అడుగుతున్న ప్రశ్న అది. ఆ రోజు బస్సు టైమ్ అయిపోతోందన్న తొందరలో నాలుగు ముక్కలు చెప్పి వచ్చేశాను. ఆయనకు ఇవ్వాల్సిన పూర్తి జవాబు ఈ రోజు మీతో పంచుకుంటాను.

ముందు ఆ రాయి సంగతి. మన డెల్టా అంతా ఒండ్రు నేల. కోనసీమలో ఎంత లోతు తవ్వినా మట్టి, ఇసుక, నీళ్లు. రోడ్డుకు కంకర కావాలంటే ఎగువ నుంచి లారీల మీద రావాలి. ఆ కంకర వచ్చే చోట్లలో ముఖ్యమైనవి గోదావరికి ఇటు కాతేరు, అటు పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం. అక్కడ నేల మీద కనిపించే నల్లరాయి ఒకప్పుడు మరిగిన లావా. శాస్త్రవేత్తలు దాన్ని రాజమండ్రి ట్రాప్స్ అంటారు. అదే లావా సముద్రం వైపు వాలుగా దిగి, మన వరి చేల అడుగున చాలా లోతులో కూడా ఉంది. చమురు కోసం వేసిన బావుల్లో అది తగిలింది.

ఇక వయసు. పూర్వం మన ఇళ్లలో పెళ్లి ముహూర్తానికి గడియకుడక పెట్టేవారు. అడుగున సన్నని చిల్లు ఉన్న రాగి గిన్నెను నీళ్ల మీద వదిలితే అది నిండి మునగడానికి ఒక గడియ, అంటే 24 నిమిషాలు పడుతుంది. గిన్నెలో ఎంత నీరు చేరిందో చూస్తే ఎంతసేపు గడిచిందో చెప్పవచ్చు. రాతిలోని గడియారం కూడా ఇలాంటిదే. రాతిలో పొటాషియం ఉంటుంది. అందులో పదివేల పరమాణువులకు ఒకటి చొప్పున పొటాషియం-40 అనే రకం ఉంటుంది. అది తనంతట తానే నెమ్మదిగా మారిపోతుంది. మారిన ప్రతి వందలో సుమారు 11 ఆర్గాన్ వాయువు అవుతాయి, మిగిలినవి కాల్షియం అవుతాయి. ఉన్నదానిలో సగం మారడానికి 125 కోట్ల సంవత్సరాలు కావాలి. ఆరున్నర కోట్ల ఏళ్లలో నూటికి మూడున్నర వంతులే మారుతుంది. అందులోనూ ఆర్గాన్ వాటా ఇంకా తక్కువ. కాబట్టి కొలవాల్సింది ఎంత కొంచెమో ఊహించండి. ఇది చిన్న పని కాదు, తప్పు జరగడానికి చోటున్న పని.

గడియకుడకను నమ్మాలంటే మీరు మూడు విషయాలు అడుగుతారు. చిల్లు సైజు మారలేదు కదా? వదిలినప్పుడు గిన్నె ఖాళీగానే ఉందా? మధ్యలో ఎవరూ నీళ్లు పోయలేదు, తీయలేదు కదా? రాళ్ల వయసు మీద వచ్చిన అనుమానాలన్నీ ఈ మూడింటిలోకే వస్తాయి.

చిల్లు సంగతి, అంటే మారే వేగం సంగతి, త్వరగా చెప్పేస్తాను. ఇక్కడ సందేహం చాలా తక్కువ. వేడి చేసినా, నొక్కినా, ఆమ్లంలో వేసినా ఆ వేగం మారదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి ఒక మినహాయింపు చెబుతాను. బెరీలియం-7 అనే పదార్థంలో, చుట్టూ ఉన్న రసాయనాన్ని బట్టి వేగం ఒకటి, ఒకటిన్నర శాతం దాకా తేడా పడుతుందని ప్రయోగాల్లో తేలింది. భూమి వయసు ఆరు వేల ఏళ్లే అని నమ్మేవాళ్లున్నారు. కానీ ఆరు వేల ఏళ్ల రాయి ఆరున్నర కోట్ల ఏళ్లదిగా కనిపించాలంటే వేగం పదివేల రెట్లు ఎక్కువ ఉండి తీరాలి. ‘పూర్వం వేరేగా ఉండేదేమో’ అంటారా? 1987లో ఒక నక్షత్రం పేలడం శాస్త్రవేత్తలు చూశారు. అది లక్షా అరవై వేల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉంది. అంటే చూసిన వెలుగు అంత పాతది. ఆ పేలుడులో పుట్టిన కోబాల్ట్-56 ఎంత వేగంతో తగ్గిందో ఆ వెలుగులో కొలిచారు. 77 రోజులకు సగం. ఇక్కడ ప్రయోగశాలలో కొలిచినా అంతే.

అసలు గొడవ రెండో ప్రశ్న దగ్గర ఉంది. గిన్నె ఖాళీగా ఉందా? అంటే, రాయి గడ్డకట్టినప్పుడు అందులో పాత ఆర్గాన్ ఏమీ లేదు కదా?

హవాయి దీవిలో హువాలలాయ్ అనే అగ్నిపర్వతం 1800, 1801ల్లో లావా కక్కింది. తేదీ తెలిసిన లావా. 1968లో శాస్త్రవేత్తలు ఆ లావాలో చిక్కుకున్న ఆకుపచ్చని ఖనిజపు ముద్దలను తీసి పొటాషియం-ఆర్గాన్ పద్ధతిలో కొలిస్తే కోట్ల ఏళ్ల నుంచి వందల కోట్ల ఏళ్ల దాకా వయసులు వచ్చాయి. ‘చూశారా, రెండు వందల ఏళ్ల లావాకు వందల కోట్ల వయసు చెప్పారు’ అని ఈ ఉదాహరణను ఎంతోమంది చెబుతుంటారు. నాకు ఈ ఉదాహరణ అంటే ఇష్టం, ఎందుకంటే పూర్తిగా చదివితే ఇది వేరే సంగతి చెబుతుంది. ఆ ముద్దలు లావాలో కరగలేదు. భూమి లోపలి నుంచి లావా వాటిని గట్టి ముద్దలుగానే మోసుకొచ్చింది. లోపలి పాత ఆర్గాన్ వాటిలో అలాగే ఉండిపోయింది. గోళీ సోడాలో గోళీ నొక్కితే గ్యాసు పోతుంది, నొక్కకపోతే ఉంటుంది. పూర్తిగా కరిగిన లావాలోంచి ఆర్గాన్ పోతుంది, కరగని ముద్దలోంచి పోదు. సముద్రం అడుగున ఒక్కసారిగా చల్లారిన లావాలో కూడా గ్యాసు బయటికి పోయే సమయం ఉండదు. ఇదంతా ఎవరో బయటివాళ్లు పట్టుకున్న తప్పు కాదు. గడియారం ఎక్కడ పనిచేయదో తెలుసుకోవడానికి ఆ పద్ధతి వాడేవాళ్లే వెతికి, కొలిచి, అచ్చు వేసుకున్న సంగతి.

మూడో ప్రశ్న మన వాతావరణానికి మరీ దగ్గరిది. మన దగ్గర వాన, తేమ, ఉక్క. నల్లరాయి పైపొర మెత్తబడి గోధుమరంగు మట్టిగా మారుతుంటుంది. అలాంటి రాయిలోంచి ఆర్గాన్ కారిపోతుంది, పొటాషియం చేరవచ్చు, పోవచ్చు. చదువుకునే రోజుల్లో నేను ఎంతో కష్టపడి ఏరిన రాళ్లను మా గురువుగారు సుత్తితో పగలగొట్టి చూసి సగానికి పైగా పారేయించారు. ఆ రోజు బాధపడ్డాను. పాడైన రాయి పాడైన సాక్షి అని అప్పుడే అర్థమైంది.

దీనికి కనుక్కున్న ఉపాయం నాకు ఇప్పటికీ అబ్బురంగా ఉంటుంది. రాయి ముక్కను ముందు అణు రియాక్టరులో పెడతారు. అక్కడ మామూలు పొటాషియంలో కొంత ఆర్గాన్-39గా మారుతుంది. ఇప్పుడు పొటాషియం ఎంత ఉందో, పాత ఆర్గాన్ ఎంత ఉందో రెండింటినీ ఒకే గ్యాసులో కొలవవచ్చు. ఆ ముక్కను ఒక్కసారిగా కరిగించరు. కొంచెం వేడి చేసి వచ్చిన గ్యాసు కొలుస్తారు, ఇంకొంచెం వేడి చేసి మళ్లీ కొలుస్తారు. అంచుల్లోంచి గ్యాసు కారిపోయి ఉంటే మొదటి మెట్లలో ఒక వయసు, లోపలి మెట్లలో మరో వయసు వస్తుంది. ఎక్కువ గ్యాసు ఇరుక్కున్నా ఆ తేడా చాలాసార్లు బయటపడుతుంది. వరసగా చాలా మెట్లలో ఒకే వయసు వస్తేనే నమ్ముతారు. అంటే రాయి తనను తానే క్రాస్ చెక్ చేసుకుంటుంది. ఈ పద్ధతిని పరీక్షించడానికి 1997లో వెసూవియస్ అగ్నిపర్వతం నుంచి వచ్చిన రాయిని కొలిచారు. క్రీ.శ. 79లో పాంపేయి నగరాన్ని పూడ్చిన పేలుడు అది. అంటే 1918 ఏళ్లు. రాయి చెప్పింది 1925 ఏళ్లు, అటూ ఇటూ 94.

మన రాజమండ్రి రాయి మీద కూడా ఇదే పద్ధతిలో పని జరిగింది. 2003లో వచ్చిన ఒక పరిశోధన దాని వయసు సుమారు ఆరున్నర కోట్ల ఏళ్లని చెప్పింది. అదే రాయి మీద అంతకుముందు పనిచేసిన మరో శాస్త్రవేత్త దాన్ని తప్పుపడుతూ రాశారు. ఏ నమూనాలు నమ్మదగినవి, ఏ మెట్లను లెక్కలోకి తీసుకోవాలి అని వాదించారు. 2005లో ఇద్దరి వాదనా, జవాబూ అచ్చయ్యాయి. నిజమైన వివాదం అంటే ఇది. దేని గురించి? ఆరున్నర కోట్లలో లక్షల సంవత్సరాల తేడా గురించి. వేల సంవత్సరాలా, కోట్ల సంవత్సరాలా అన్న ప్రశ్న ఆ వాదనలో ఎక్కడా లేదు. పొలం గట్టు రెండు అడుగులు ఇటా అటా అని అన్నదమ్ములు తగువులాడుకుంటే, ఆ పొలమే లేదని మనం అనుకోం కదండీ.

ఆర్గాన్ ఒక్కటే చెబితే నేనూ ఇంత గట్టిగా మాట్లాడేవాణ్ని కాదు. లావా చల్లారేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు అప్పటి భూ అయస్కాంతం దిశను పట్టుకుని గడ్డకడతాయి. గతంలో భూమి ఉత్తర దక్షిణ ధ్రువాలు ఎన్నోసార్లు తారుమారయ్యాయి. మన క్వారీల్లో కింది లావా తిరగబడిన దిశను చూపిస్తుంది, పై లావా ఇప్పటి దిశను చూపిస్తుంది. మహారాష్ట్రలోని మహాబలేశ్వరం వైపు కొండల్లో ఉన్న లావాలోనూ ఇదే వరస ఉంది, రసాయన కూర్పు కూడా కలుస్తుంది. అందుకే పడమటి కనుమల దగ్గర పుట్టిన లావా ఆనాటి నదీ లోయల వెంట దాదాపు 1000 కిలోమీటర్లు పారి మన దాకా వచ్చిందని ఇప్పుడు ఎక్కువమంది అంటున్నారు. ఇక రెండు లావా పొరల మధ్య సున్నపురాయి, బంకమట్టి కలిసిన సన్నని పొర ఉంది. అందులో సూక్ష్మమైన సముద్ర జీవుల గుల్లలు దొరికాయి. అవి రాక్షసబల్లులు అంతరించిన వెంటనే వచ్చిన కాలంలో బతికిన జాతులవి. గ్యాసు, అయస్కాంతం, గుల్లలు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ముగ్గురు సాక్షులు ఒకే మాట చెబుతున్నారు.

‘కార్బన్ డేటింగ్ చేయిస్తే సరిపోతుంది కదా’ అని నన్ను చాలామంది అడుగుతారు. ఆ గడియారంలో కొలిచే కార్బన్-14 అనే రకం సగమయ్యేది 5730 ఏళ్లకు. యాభై వేల ఏళ్లు దాటితే అందులో కొలవడానికి ఏమీ మిగలదు. అది ఒకప్పుడు బతికిన వాటికి పనికొస్తుంది, లావాకు కాదు. మన డెల్టాకు మాత్రం అదే సరైన గడియారం. లోపలి ఊళ్లలో చెరువు తవ్వితే సముద్రపు గవ్వలు, పుచ్చిన కలప బయటపడటం మీలో చాలామంది చూసే ఉంటారు. వాటిని కొలిస్తే సముద్రం ఒకప్పుడు ఎంత లోపలికి ఉండేదో తెలుస్తుంది. ఇప్పుడు మనం చూసే డెల్టా చాలావరకు గత ఆరేడు వేల ఏళ్లలో ఏర్పడింది. కొబ్బరి తోటలు ఉన్న మెరకల వరసలు ఒకప్పటి సముద్రపు ఒడ్డులే. అయితే గవ్వలతోనూ జాగ్రత్త అవసరం. సముద్రపు నీటిలో పాత కార్బన్ కలిసి ఉంటుంది కాబట్టి నిన్న చచ్చిన గవ్వ కూడా కొన్ని వందల ఏళ్లదిగా కనిపిస్తుంది. ఆ లెక్క తీసేయాలి.

మన ఒడ్డున నల్ల ఇసుకలో జిర్కాన్ అనే గింజలుంటాయి. అవి పుట్టేటప్పుడు, నెమ్మదిగా సీసంగా మారే యురేనియంను రానిస్తాయి, సీసాన్ని దాదాపుగా రానివ్వవు. గిన్నె ఖాళీగా మొదలైనట్టే. ఆ గింజను కొలిస్తే వచ్చేది అది పుట్టిన కొండ వయసు, తీరం వయసు కాదు. రెండూ నిజమే. ఏ గడియారాన్ని ఏ ప్రశ్న అడిగామన్నది చూడకుండా ‘తీరానికి ఒకరు వందల కోట్లు, ఇంకొకరు ఆరు వేలు చెప్పారు, ఇదంతా బూటకం’ అంటే అన్యాయం.

మన దగ్గర నమ్మకాల మాటా వస్తుంది. బైబిలులోని వంశావళిని లెక్కేసి 1650లో అషర్ అనే మతాచార్యుడు సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని రాశారు. ఇంకొకవైపు, కల్పం 432 కోట్ల ఏళ్లు, భూమి వయసు 454 కోట్లు, కాబట్టి మనవాళ్లకు ముందే తెలుసు అంటారు. 432 కోట్లు కల్పం మొత్తం నిడివి. పంచాంగం ప్రకారం ఇప్పటికి గడిచింది దాదాపు 197 కోట్లే. అంకెలు దగ్గరగా ఉన్నాయని పద్ధతిని మెచ్చుకోవడం, దూరంగా ఉన్నాయని తోసేయడం, రెండూ నాకు సమ్మతం కాదు. రోజూ సంకల్పం చెప్పుకునే ఇంట్లోనే నేను పెరిగాను. ఆ మాటల మీద నాకున్న గౌరవం రాయిని కొలిస్తే తగ్గలేదు.

మళ్లీ ఆ పెద్దాయన దగ్గరికి వస్తాను. మరుసటి ఏడాది పిల్లలతో అదే క్వారీకి వెళ్లినప్పుడు ఆయన్ని వెతికి, గడియకుడక సంగతి, ముగ్గురు సాక్షుల సంగతి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. ‘‘ఆ గుల్లలున్న పొర ఏదండి?’’ అన్నాడు. రెండు నల్ల పొరల మధ్య పాలిపోయిన చారను చూపించాను.

‘‘ఆయ్, అదాండి! దాన్ని క్రషర్‌కు పనికిరాదని పక్కన పారబోస్తామండి మేము’’ అని వెళ్లి, ఆ గుట్టలోంచి ఒక పెళ్ల తెచ్చి, రెండు చేతులతో పిల్లల ముందు పెట్టాడు.