అవ్వ పడిపోతే పాప ఏం చెయ్యాలి?

[తెర మీద: వంటగది. గచ్చు మీద దొర్లిన చెంబు. బల్ల మీద లాక్ పడిన ఫోన్.]

వాయిస్: తిరుపతిలో ఒక మామూలు ఇల్లు. అమ్మానాన్న డ్యూటీకి పోయారు. ఇంట్లో అవ్వ, ఆరేళ్ళ పాప. అవ్వ ఉన్నట్టుండి పడిపోయింది, పిలిస్తే పలకడం లేదు. ఫోన్‌లో రైమ్స్ పెట్టుకోవడం పాపకు బాగా వచ్చు. అదే ఫోన్‌తో సాయం పిలవడం వచ్చా?

చాలా ఇళ్ళలో మనం నేర్పేది ఒక్కటే: "టెన్షన్ పడొద్దు నాన్నా." పెద్దవాళ్ళమే వణికిపోతాం, పిల్లలు ఎట్లా పడకుండా ఉంటారు? భయపడుతూనే చేయగలిగిన పని ఒకటి అలవాటు చెయ్యాలి.

[తెర మీద: పెద్ద అంకెల్లో 112]

నంబర్ ఒక్కటే చాలు. 112. పోలీసు, ఫైరింజన్, అంబులెన్స్, దేనికైనా ఇదే. మన రాష్ట్రంలో 108 అంబులెన్స్ 2005 నుంచి ఉంది కాబట్టి మనకు అదే నోటికొస్తుంది. కానీ ఏ నంబర్ దేనికో తేల్చుకునే పని ఆరేళ్ళ పిల్లకు పెట్టకండి.

ఫోన్ లాక్ తియ్యాల్సిన పని లేదు. లాక్ స్క్రీన్ మీదో, పాస్‌వర్డ్ అడిగే చోటో 'ఎమర్జెన్సీ' అని ఉంటుంది. ఒక్కో ఫోన్‌లో ఒక్కో చోట ఉంటుంది కనుక, మీ ఇంట్లో ఉన్న ఫోన్‌లోనే వేలు పెట్టి చూపించండి. అవ్వ ఫోన్‌లో కూడా. నొక్కడం మాత్రం అట్ట మీద గీసిన బొమ్మ మీద ప్రాక్టీస్ చేయించండి. సిమ్ తీసేసిన పాత ఫోన్ ఇస్తే సరిపోతుందనుకోకండి. సిమ్ లేకపోయినా 112కి కాల్ పోయే అవకాశం ఉంది.

[తెర మీద: అమ్మ, పాప ఎదురెదురుగా. అమ్మ చెవి దగ్గర గరిటె.]

అమ్మ: హలో, చెప్పండి.

పాప: మా అవ్వ పడిపోయింది!

అమ్మ: ఎక్కడమ్మా?

పాప: మా ఇంట్లో.

వాయిస్: నవ్వొస్తుంది కదా. నిజం కాల్‌లో కూడా పాప ఇదే చెప్తుంది. ఫోన్ ఎత్తేవాళ్ళు మన వీధిలో ఉండరు, వాళ్ళకు రాష్ట్రం నలుమూలల నుంచీ కాల్స్ వస్తుంటాయి. "గుడి పక్కన" అంటే తిరుపతిలో ఏ గుడి? అందుకే ముందు ఊరు, తర్వాత ఏరియా, ఆపైన గుర్తు. డోర్ నంబర్ వదిలెయ్యండి, పిల్లలకు నిలవదు.

పాప: తిరుపతి. కొర్లగుంట. నీళ్ళ ట్యాంకు ఎదురు వీధి. మా అవ్వ పడిపోయింది, పలకలేదు.

అమ్మ: అవ్వ ఊపిరి తీసుకుంటోందా తల్లీ?

పాప: తెలీదు.

వాయిస్: ఈ "తెలీదు" కూడా నేర్పాల్సిందే. పెద్దవాళ్ళు అడిగితే ఏదో ఒకటి చెప్పెయ్యడం పిల్లలకు అలవాటు. అవతలివాళ్ళు చాలు అనేదాకా ఫోన్ పెట్టెయ్యకూడదని కూడా చెప్పండి. పక్కింట్లో మనుషులుంటే మాత్రం ముందు ఆ తలుపే కొట్టమనండి. ఏ అంబులెన్సైనా పక్కింటి పెద్దమ్మ తర్వాతే వస్తుంది.

ఇక్కడో చిక్కుంది. "ఎవరొచ్చినా తలుపు తియ్యొద్దు" అని చెప్పి పెట్టింది మనమే. తను ఫోన్ చేసి పిలిచిన అంబులెన్స్ వాళ్ళకు తియ్యొచ్చని విడిగా చెప్పాలి. పై గడియ పాపకు అందుతుందా? ఈరోజే చూడండి.

[తెర మీద: పొగ. తర్వాత బట్టలు ఆరేసిన ఇనప తీగ.]

మంట, పొగ, గ్యాస్ వాసన ఉంటే ఈ వరస పనికిరాదు. ఫోన్ వెతక్కూడదు, లైటు స్విచ్ ముట్టుకోకూడదు, బయటికి పోవాలి. ఫోన్ బయటినుంచే. భయపడ్డ పిల్లలు మంచం కింద, బీరువా వెనక దాక్కుంటారు. దాక్కుంటే ఎవరికీ కనపడరని ముందే చెప్పాలి. రెగ్యులేటర్ ఆపే పని వాళ్ళకు అప్పజెప్పకండి.

కరెంటు అన్నిటికన్నా కష్టం. తీగ మీద తడి బట్టలు ఆరేస్తూనో, మోటార్ స్విచ్ వేస్తూనో అమ్మకు షాక్ కొడితే పాప పరుగెత్తుకెళ్ళి పట్టుకుంటుంది. అమ్మ కదా! ప్రేమకొద్దీ చేసే ఆ పని ఇద్దరి ప్రాణానికీ ముప్పు. "అమ్మను ముట్టుకోకుండా, దూరం నుంచి గట్టిగా కేకెయ్యి" అని నేర్పాలి. అబ్బాయైనా అమ్మాయైనా ఒప్పుకోరు. ఆటలాగా మళ్ళీ మళ్ళీ చేయించాల్సిందే.

[తెర మీద: తిరుమల. గుండ్లతో తండ్రి, కొడుకు.]

ఇక మన ఊరి ప్రత్యేకం, జనంలో తప్పిపోవడం. తప్పిపోయిన పిల్లాడు వెతుక్కుంటూ తిరగకుండా ఉన్నచోటే నిలబడాలి. పోలీసునో, స్కార్ఫ్ వేసుకున్న శ్రీవారి సేవకులనో పిలవాలి. మీవైపు నుంచి రెండు జాగ్రత్తలు. గుండు కొట్టించాక ఒక ఫోటో తీసుకోండి. పొద్దున జుట్టుతో తీసిన ఫోటో చూపిస్తే ఎవరు గుర్తుపడతారు? గుండుతో ఉన్న నాన్నను పిల్లాడే గుర్తుపట్టకపోవచ్చు, అద్దంలో ఇద్దర్నీ ఒకసారి నిలబెట్టి చూపించండి. రెండోది, పిల్లాడి జేబులో పెట్టే చీటీ. దాని మీద మీ నంబర్ రాస్తారు, సరే. కానీ గుళ్ళోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు, మీ ఫోన్ డిపాజిట్ కౌంటర్‌లో ఉంటుంది. దాని కింద దర్శనానికి రాకుండా ఇంటి దగ్గర ఉన్నవాళ్ళ నంబర్ ఒకటి రాయండి. ఆరోజు ఫోన్ దగ్గర పెట్టుకోమని వాళ్ళకు చెప్పి బయల్దేరండి.